ప్రధానోపాధ్యాయుని మొదటి యేడు



గ్రంథాలయ రజతోత్సవమున బడిని గూర్చి మాటలాడుట అసందర్భము కాదనుకొందును. ఇచటి చందాదారులలో ననేకులు మన బడిలో అక్షరములు దిద్దినవారే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో క్రొత్తగా ప్రధానోపాధ్యాయులైన వారిని పలువురిని నేనెరుగుదును. వారి మొదటి సంవత్సరమును గూర్చియే నా ప్రసంగము.

నిన్నటివరకు తోటివారితో కలసి టీ త్రాగినవాడు, పదోన్నతి ఉత్తరువు అందగనే వారి హాజరుపట్టీ చూడవలసివచ్చును. ఆలస్యముగా వచ్చిన మిత్రునితో ఏమనవలెను? ఊరకున్నచో తక్కినవారు వేలెత్తి చూపుదురు. మందలించినచో 'కుర్చీ ఎక్కగానే మారినాడు' అందురు. శిక్షణ తరగతులలో ఈ పాఠము నేర్పినట్లు నేను వినలేదు! దీనికితోడు జీతముల బిల్లులు, మధ్యాహ్న భోజనపు బియ్యపు లెక్కలు. వంట బిల్లు ఆలస్యమైనచో కిరాణా దుకాణమున అప్పుచేసి వండిన స్త్రీలకు సమాధానము చెప్పవలసినవాడును ఇతడే. పాఠము చెప్పుటలో పేరు తెచ్చుకొన్నవాడు తుదకు పాఠమునకే దూరమగుచున్నాడు.

అయినను నా దృష్టిలో వీటన్నిటికన్న పెద్ద కష్టము తరగతిలోని ఖాళీ బల్ల.

1967 ఆగస్టులో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిరి. ఎడమకాలువ క్రింద మెట్టచేలు మాగాణులైనవి. మిర్యాలగూడ చుట్టును బియ్యపు మిల్లులు వెలసినవి. అది మన భాగ్యమే. కాని నాట్లు పడగానే తల్లి కూలికి పోవును. చంటిబిడ్డను చూచుకొనుటకు ఆరవ తరగతి పిల్ల ఇంట ఆగిపోవును. పత్తి తీయునప్పుడును అంతే. నెల గడచి ఆమె తిరిగివచ్చునప్పటికి లెక్కల పాఠము ఎంతో ముందునకు సాగియుండును. అడుగుటకు సిగ్గుపడి వెనుకవరుసలో కూర్చుండును. మరుసటి పంటకు బడికి రాదు. ఆ పిల్ల ఇల్లెక్కడో పాత ప్రధానోపాధ్యాయునికి తెలియును, ఆయన బదిలీయైనాడు. రిజిస్టరులో పేరున్నది గాని, ఇంటికి త్రోవ లేదు.

2010 ఏప్రిల్ 1న అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము, పాఠశాల యాజమాన్య సంఘమున నాల్గింట మూడువంతులు తల్లిదండ్రులుండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలుండవలెననియు విధించినది. కొన్నియూళ్ళలో మాత్రము సమావేశమునకు బదులు సంతకముల పుస్తకమే ఇంటింటికి తిరుగుచున్నది.

కావున నా మనవి ఇది. క్రొత్త ప్రధానోపాధ్యాయుడు వచ్చినప్పుడు శాలువా కప్పి ఊరకుండకుడు. మొదటి మాసముననే బడికి రాని పిల్లల యిండ్లకు ఆయనను వెంటబెట్టుకొని పొండు. ఇక, గ్రంథాలయ కార్యనిర్వాహకులకొక మాట: ఆరు మొదలు పది వరకు పాఠ్యపుస్తకములు ఒక్కొక్క జత ఇచట ఉంచుడు. నాట్ల నెలలో ప్రతి సాయంత్రము రెండు గంటలు, ఈ పఠనమందిరపు తూర్పు బల్లను ఆ పిల్లలకు విడిచిపెట్టుడు.