పాత పికప్ మధ్యలో ఆగిపోతోందా? ముందు డీజిల్ ఫిల్టర్ చూడండి

ఈరోజు పాత డీజిల్ పికప్‌ల గురించి మాట్లాడుకుందాం. పాత బొలేరో పికప్, టాటా 207 లాంటివి. మీ నాన్నో, అన్నో ఇలాంటి బండితో కిరాయిలు కొడుతుంటే ఈ ఎపిసోడ్ మీకే.

అమీర్‌పేట్‌లో లోడ్ ఎత్తారు, పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతున్నారు. సగంలో బండి జర్క్ ఇచ్చి ఆగింది. వెనక ఒకటే హారన్లు. ఆ రోజు కిరాయి పోయినట్టే. "ఇంజిన్ పోయిందిరా" అనుకుంటాం. కానీ చాలాసార్లు ఇంజిన్ బాగానే ఉంటుంది, దానికి డీజిలే సరిగా అందదు.

ఎందుకంటే ట్యాంక్‌లో ఖాళీ ఎక్కువుంటే లోపలి గాలిలోని తేమ నీళ్లవుతుంది. వానాకాలంలో మూత రబ్బరు పాడైతే ఇంకా నీళ్లు దిగుతాయి. డీజిల్ కంటే నీళ్లు బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. పాత ట్యాంక్‌లో తుప్పు కూడా తోడవుతుంది. అందుకే వీలైనంత వరకు సగం ట్యాంక్ తగ్గనివ్వకండి.

ఇప్పుడు పని చూద్దాం. ఇంజిన్ ఆపి, చల్లారనివ్వండి. దగ్గర్లో సిగరెట్, నిప్పు ఉండొద్దు. చాలా బండ్లలో ఫిల్టర్ అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. కింద గాజు సీసా పెట్టి కొంచెం వదులు చేయండి. సీసాలో కింద పొరగా నిలిచేది నీళ్లు, పైన తేలేది డీజిల్. శుభ్రమైన డీజిల్ వచ్చాక బిగించండి. తర్వాత హ్యాండ్ పంప్ గట్టిపడేదాకా కొట్టి స్టార్ట్ చేయండి. తీసిన డీజిల్ మోరీలో పోయకండి, మెకానిక్‌కి ఇచ్చేయండి.

పొద్దున స్టార్ట్ కావడానికి సతాయిస్తోందా? రబ్బరు పైపులు, క్లిప్పులు చూడండి. పగులు ఉంటే డీజిల్ బయటికి కారకపోయినా గాలి లోపలికి పోవచ్చు.

ఒక్క హెచ్చరిక. కామన్ రైల్ ఇంజిన్ అయితే ఇంజెక్టర్లకు వెళ్లే ఇనుప పైపులు అస్సలు ముట్టుకోవద్దు. అందులో ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ఆ పని మెకానిక్‌దే.

ఫిల్టర్ ఎప్పుడు మార్చాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది. ఫిల్టర్ ఖర్చు వందల్లో, ఇంజెక్టర్లు, పంపు పాడైతే వేలల్లో. లెక్క మీరే వేసుకోండి. ఈ ఆదివారం ఒక సీసా పట్టుకుని బండి దగ్గరికి వెళ్లండి.