పశువైద్యురాలు కావాలంటే

ఆత్మకూర్ (ఎస్) వంటి పల్లెల్లో స్త్రీల శ్రమను లెక్కగట్టడం నా పని. బర్రెకు కుడితి పెట్టేది, పేడ ఎత్తేది, జబ్బును ముందుగా పసిగట్టేది ఆడవాళ్లే. అయినా పశువుల డాక్టరంటే మనకు మగవాడే గుర్తుకొస్తాడు.

అమ్మాయి డాక్టరు కావాలంటే దారి పదో తరగతి దగ్గరే చీలుతుంది. ఇంటర్లో బైపీసీ, తర్వాత ప్రవేశపరీక్ష, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల బీవీఎస్సీ. కళాశాలలు రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరుల్లో ఉన్నాయి, హాస్టలు తప్పదు. పది తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా కూడా ఉంది. అయితే 1984 నాటి చట్టం ప్రకారం దానితో డాక్టరు కాలేరు. డాక్టరు పర్యవేక్షణలో చిన్నపాటి చికిత్సలే చేయాలి. ఈ తేడా ముందే చెప్పాలి.

చదువు ముగిసేసరికి ఆమెకు ఇరవైమూడేళ్లు. పెళ్లి మాట అంతకుముందే ఇంటికొస్తుంది. సంఘం తరఫున మనం ఇంకా ముందే ఆ గడప తొక్కాలి.