అరబీ అభ్యాసం – అనువాదమనే అమానతు

సకల స్తోత్రాలు సర్వలోకాల పోషకుడైన అల్లాహ్‌కే చెందుతాయి. మానవుణ్ణి సృష్టించి, అతనికి పలుకు నేర్పి, కలం ద్వారా విద్యను ప్రసాదించినవాడు ఆయనే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై అల్లాహ్ శాంతి శుభాలు కురియుగాక!

  

నేటి జుమా ప్రసంగానికి ఎంచుకున్న అంశం అరబీ భాషాభ్యాసం, ఆ భాష నుండి తెలుగులోకి, ఇంగ్లీషులోకి జరిగే అనువాదం. ఇది ఆలిములకు మాత్రమే సంబంధించిన విషయమని ఎవరూ భావించవద్దు. కర్నూలు, కడప ప్రాంతాలలోని ముస్లిం కుటుంబానికి అరబీ అక్షరాలు రెండు చోట్ల ఎదురవుతాయి. ఒకటి జానమాజు మీద. రెండవది గల్ఫు దేశానికి వెళ్లేటప్పుడు సంతకం చేయవలసిన ఒప్పంద పత్రం మీద. మొదటి చోట అక్షరాన్ని పలికి, రెండవ చోట అక్షరం కింద సంతకం చేసి ఊరుకుంటున్నాం. రెండు చోట్లా అర్థం మనకు దూరంగానే ఉండిపోతోంది.

సోదరులారా! అరబీ మన నేలకు కొత్తది కాదు. మన రైతు నోట నిత్యం పలికే ఖరీఫ్, రబీ అనే మాటలు అరబీవే. ఖరీఫ్ అంటే శరదృతువు, రబీ అంటే వసంతం. పంట చేతికి వచ్చే ఋతువును బట్టి ఆ పేర్లు నిలిచాయి. హక్కు, వకీలు, వసూలు, జవాబు, తాలూకా – ఇవన్నీ అరబీ మూలం నుండి వచ్చి తెలుగులో స్థిరపడినవే. జిల్లా అనే మాటకు అరబీలో మూలార్థం పక్కటెముక. 1820లో కడపకు ఉద్యోగరీత్యా వచ్చిన సి.పి. బ్రౌన్ దొర, తెలుగులో కలిసిపోయిన ఇటువంటి అన్యదేశ్య పదాలకు ప్రత్యేకంగా ఒక మిశ్రభాషా నిఘంటువునే కూర్చాడు. పొలం గట్టున, కచేరీ గుమ్మంలో మనం అరబీ మాటలను అర్థం తెలిసే వాడుతున్నాం. మస్జిదులో అడుగుపెట్టిన తరువాత మాత్రం అదే భాష మనకు అపరిచితమవుతోంది.

మన పిల్లల చదువును ఒకసారి పరిశీలించండి. అయిదారేళ్ల వయసులో ఖాయిదా చేతికిస్తాం. రెండు మూడేళ్లకు నాజిరా పూర్తవుతుంది. మిఠాయిలు పంచుతాం. అక్కడితో అరబీ చదువు ముగిసినట్లే. మదరసాలో వివరణ ఉర్దూలో సాగుతుంది. బిడ్డ బడిలో చదివేది తెలుగు మాధ్యమంలోనో, ఇంగ్లీషు మాధ్యమంలోనో. అందువలన ఉస్తాదు చెప్పిన భావం బిడ్డ మనసుకు పూర్తిగా అందదు. ఇది బిడ్డ దోషం కాదు, ఉస్తాదు దోషమూ కాదు. మధ్యలో వంతెన కట్టకపోవడం సమాజం చేసిన లోపం.

ఇక్కడ ఒక అపార్థానికి తావివ్వకూడదు. అర్థం తెలియకుండా చేసే పారాయణం వ్యర్థమని ఎవరైనా అంటే అది సరికాదు. ఖుర్ఆన్‌లోని ఒక్కొక్క అక్షరానికి పది పుణ్యాలు లభిస్తాయని, తడబడుతూ కష్టపడి చదివేవారికి రెట్టింపు ప్రతిఫలం ఉన్నదని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. చూపు మందగించిన ముసలితల్లి వేలితో పంక్తిని తడుముతూ చదివే ఆయతుకు అల్లాహ్ వద్ద ఎంత విలువ ఉన్నదో మనం కొలవలేం. అయితే అదే దైవగ్రంథం, తన ఆయతుల గురించి లోతుగా ఆలోచించమని కూడా ఆదేశిస్తోంది. రోజుకు అయిదు పూటలా మన ఫర్జ్ నమాజులలో 17 రకాతులు ఉన్నాయి. ప్రతి రకాతులోనూ ఫాతిహా సూరా ఉంది. అందులో ఉన్నది ఏడు ఆయతులే. యాభై ఏళ్లు నమాజు చేసిన మనిషి, ఆ ఏడు ఆయతులలో తాను ప్రభువును ఏమి కోరుతున్నాడో తెలియకుండా లోకం విడిచి వెళ్లడం సబబేనా?

ప్రియ సోదరులారా! అన్య భాషలను నేర్వడం, ఒక భాషలోని భావాన్ని మరొక భాషవారికి అందించడం మన ధర్మంలో గౌరవప్రదమైన కార్యాలు. యూదులతో జరిగే ఉత్తర ప్రత్యుత్తరాల కోసం వారి లిపిని నేర్చుకొమ్మని దైవప్రవక్త (స) యువకుడైన జైద్ బిన్ సాబిత్ (రజి)ను ఆదేశించారు. ఆయన కొద్ది రోజులలోనే దానిని అభ్యసించి, ఆ లేఖలను చదివి వినిపించే బాధ్యతను స్వీకరించారు. ఇబ్నె అబ్బాస్ (రజి) వద్ద అబూ జమ్రా అనే ఆయన ప్రజలకూ, ఆయనకూ నడుమ దుబాసీగా ఉండేవారు. ఇబ్నె అబ్బాస్ (రజి) ఆయనను తన ఆసనం మీద కూర్చోబెట్టుకొని, తన సంపదలో ఒక వాటా ఇస్తాను, నా దగ్గరే ఉండమన్నారని బుఖారీ గ్రంథంలో నమోదై ఉంది. అనువాదకునికి ఆ తరం ఇచ్చిన స్థానం అది.

మన దేశంలో 18వ శతాబ్దంలో షా వలీయుల్లాహ్ దెహ్లవీ ఖుర్ఆన్‌ను పారసీలోకి అనువదించారు. ఆయన కుమారులు షా రఫీయుద్దీన్, షా అబ్దుల్ ఖాదిర్ ఉర్దూలో అనువాదాలు చేశారు. ఇంగ్లీషు విషయానికి వస్తే, 1649లో లండన్‌లో వెలువడిన తొలి అనువాదం అరబీ నుండి నేరుగా చేసినది కాదు, ఫ్రెంచి అనువాదాన్ని చూసి చేసినది. చేతులు మారిన కొద్దీ నీరు ఒలికిపోతుంది కదా! తరువాతి కాలంలో, ఇస్లాం స్వీకరించిన ఆంగ్లేయుడు మర్మడ్యూక్ పిక్తాల్ హైదరాబాదులో నిజాం కొలువులో ఉండి ఆ కార్యానికి పూనుకున్నారు. నిజాం ఆయనకు రెండేళ్లపాటు జీతంతో కూడిన సెలవు మంజూరు చేశారు. ఆయన ఈజిప్టుకు వెళ్లి అక్కడి పండితులతో సంప్రదించి, 1930లో తన అనువాదాన్ని ప్రచురించారు. దానికి ఖుర్ఆన్ అని పేరు పెట్టడానికి ఆయన మనసు ఒప్పుకోలేదు. ఖుర్ఆన్ భావం అని మాత్రమే పేరు పెట్టారు. ఆ వినయం ప్రతి అనువాదకునికీ పాఠం.

తెలుగులో ఈ కార్యానికి తొలిగా పూనుకున్న వారు చిలుకూరి నారాయణరావు పంతులు. ఆయన ముస్లిం కారు. అనంతపురం దత్తమండల కళాశాలలో తెలుగు బోధించిన భాషావేత్త. 1928లో మన నంద్యాలలో జరిగిన సభలో ఈ ప్రాంతానికి రాయలసీమ అనే పేరును ప్రతిపాదించిన వారు కూడా ఆయనే. మన సీమకు పేరు పెట్టిన పండితుడే మన దైవగ్రంథాన్ని తెలుగులో చదివించాలని శ్రమించాడన్నది మనం కృతజ్ఞతతో తలచుకోవలసిన విషయం. ఆ తరువాత ముస్లిం పండితులు అనేక అనువాదాలు అందించారు. నేడు తెలుగులో దైవగ్రంథ భావం లభించలేదని సాకు చెప్పే అవకాశం మనకు లేదు.

అయినా అనువాదం చదివితే సరిపోతుందా? పెన్నా ఎండిన వేసవిలో మన పల్లెల ఆడపడుచులు ఇసుకలో చెలమ తోడి నీళ్లు తెచ్చుకునేవారు. పైకి కనిపించేది ఇసుకే. తోడినవారికే తడి దొరుకుతుంది. అరబీ పదం అటువంటిది. రబ్ అనే మాటను తెలుగులో ప్రభువు అంటున్నాం, ఇంగ్లీషులో లార్డ్ అంటున్నారు. ఈ రెండు మాటల్లోనూ అధికారం వినిపిస్తుంది. అరబీ పదంలో అధికారంతోపాటు, ఒక ప్రాణిని అంచెలంచెలుగా పెంచి పోషించి పరిపూర్ణతకు చేర్చే సంరక్షణ కూడా ఉంది. తఖ్వాను దైవభీతి అంటున్నాం. దాని ధాతువులో కాపాడుకోవడం అనే భావం ఉంది. ముళ్ల దారిలో బట్ట చిరగకుండా జాగ్రత్తగా నడిచే మనిషి మెలకువ అందులో ఉంది. భయం ఒక్కటే చెబితే సగం చెప్పినట్లే. అందుకే అనువాదాన్ని ఆసరాగా పట్టుకొని, మూలం వైపు నాలుగడుగులైనా వేయాలి.

ఇప్పుడు రెండవ చోటికి వద్దాం. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుండి ఎన్నో ఏళ్లుగా మన సోదరులు, సోదరీమణులు కువైట్‌కు, ఇతర గల్ఫు దేశాలకు పనికోసం వెళ్తున్నారు. వాన కురవని నేలలో అప్పు తీర్చడానికి, బిడ్డ పెళ్లి చేయడానికి వెళ్తున్నారు. వారి చేతికి వచ్చే పత్రంలో తరచుగా కుడివైపు అరబీ, ఎడమవైపు ఇంగ్లీషు ఉంటాయి. ఇంగ్లీషు చదువుకున్న మన కుర్రవాడు ఎడమవైపు చూసి సరేనంటాడు. కువైట్ ప్రైవేటు రంగ కార్మిక చట్టం, అంటే 2010 నాటి 6వ చట్టం, ఒప్పందం అరబీలో ఉండాలని, అనువాదం జతచేసినా వివాదం వచ్చినప్పుడు అరబీ పాఠమే చెల్లుతుందని చెబుతోంది. ఎడమవైపు చదివినవాడు కుడివైపుకు కట్టుబడవలసి వస్తుంది. ఇళ్లలో పనిచేసేవారికి 2015 నాటి 68వ చట్టం వేరుగా ఉంది. రోజుకు పన్నెండు గంటలకు మించని పని, వారానికొక విశ్రాంతి దినం, వేతనంతో కూడిన వార్షిక సెలవు అందులో ఉన్నాయి. పనిమనిషి పాస్‌పోర్టును యజమాని తన వద్ద ఉంచుకోరాదని కూడా ఉంది. ఈ హక్కులు తమకు ఉన్నాయని మన ఇళ్ల నుండి వెళ్లిన ఎంతమంది తల్లులకు తెలుసు?

విచిత్రమేమంటే, ఆ పత్రంలోని ముఖ్యమైన మాటలు మనం చిన్ననాడే చదివినవి. ఒప్పందాన్ని అరబీలో అఖ్ద్ అంటారు. విశ్వాసులు తమ ఒప్పందాలను నెరవేర్చాలన్న ఆదేశంతో అల్ మాయిదా సూరా ఆరంభమవుతుంది. వేతనానికి అజ్ర్ అని పేరు. అల్లాహ్ ప్రసాదించే ప్రతిఫలానికి కూడా ఖుర్ఆన్ అదే మాట వాడింది. మనవారు అకామా అని పిలిచే నివాస అనుమతి పేరు ఇఖామా. నమాజుకు నిలబడే ముందు మనం పలికేదీ ఇఖామతే. యజమానిని కఫీల్ అంటారు. జకరియ్యా (అలైహిస్సలాం) మర్యమ్ (అలైహస్సలాం) సంరక్షణ స్వీకరించిన సందర్భంలో వచ్చేది ఈ ధాతువే. అనాథ బాధ్యత తీసుకునేవాడూ కఫీలే. పోషణ భారం వహించేవాడని దాని అర్థం. ఆ అర్థం తెలిసిన కార్మికుడు తన యజమాని ముందు బానిసలా నిలబడడు. ఆ అర్థం తెలిసిన యజమాని కార్మికుని కాగితాలు దాచడు.

సోదరులారా! పరాయి దేశంలో పనికి కుదిరిన కార్మికుని ఉదంతం ఖుర్ఆన్‌లోనే ఉంది. మూసా (అలైహిస్సలాం) చేతిలో ఏమీ లేకుండా మద్యన్ చేరుకున్నారు. అక్కడి వృద్ధుడు ఆయనను పనికి పెట్టుకుంటూ గడువు ఎనిమిదేళ్లని స్పష్టంగా చెప్పాడు. పది పూర్తి చేస్తే అది నీ ఇష్టమన్నాడు. నిన్ను కష్టపెట్టాలని నాకు లేదన్నాడు. మూసా (అలైహిస్సలాం) ఆ షరతులను తన నోటితో తిరిగి పలికి, మన మాటకు అల్లాహ్‌యే వకీల్ అన్నారు. ఇద్దరికీ అర్థమైన భాష, ఇద్దరూ ఒప్పుకున్న గడువు, పైన సాక్షిగా అల్లాహ్. ఒప్పందం ఎలా ఉండాలో చెప్పడానికి ఇంతకు మించిన నమూనా అవసరం లేదు.

దైవగ్రంథంలో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అల్ బఖరా సూరాలోని 282వ ఆయత్. అది అప్పు పత్రం రాసుకోవడం గురించినది. వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలని, అల్లాహ్ తనకు విద్య నేర్పినందున వ్రాయడానికి నిరాకరించరాదని, చెప్పలేని అశక్తుని తరఫున అతని సంరక్షకుడు న్యాయంగా చెప్పాలని అందులోని ఆదేశం. మదరసాలలో సర్ఫ్, నహ్వ్ నేర్చిన ఆలిములారా! ఈ ఆయత్ మన మెడలోని బాధ్యత. చదువురాని సోదరి కాగితం పట్టుకొని వచ్చినప్పుడు, నాకు తీరిక లేదని చెప్పే హక్కు మనకు లేదు.

అనువదించే వ్యక్తి మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. లేనిది చేర్చకూడదు. ఉన్నది దాచకూడదు. తెలియని మాట ఎదురైతే తెలియదని చెప్పి, తెలిసినవారిని అడగాలి. ఏజెంటు మనసు నొచ్చుకుంటుందని జీతం అంకెను మెత్తగా చెప్పడం, పని గంటల వరుసను దాటవేయడం అమానతులో ద్రోహమే. మోసగించేవాడు మనవాడు కాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. పదాన్ని మార్చి మోసగించినా అది మోసమే.

ఇక ఆచరణ. కర్నూలులో 1947లో ఉస్మానియా కళాశాలను స్థాపించిన అఫ్జలుల్ ఉలమా డాక్టర్ అబ్దుల్ హఖ్ అరబీ పండితులు. ధార్మిక విద్యకు, ఆధునిక విద్యకు వైరం లేదని ఆయన తన కృషితో నిరూపించారు. ఆ బాటలో మనం చేయగలిగినవి చెబుతాను. ప్రతి ఇంటిలో ఇషా తరువాత పావుగంట కూర్చొని, నమాజులో చదివే ఒక్కొక్క మాటకు తెలుగు అర్థం నేర్చుకోండి. ఫాతిహాతో మొదలుపెట్టి చిన్న సూరాల వైపు వెళ్లండి. మస్జిదు కమిటీ పెద్దలు వారానికొక సాయంత్రం కేటాయించండి. అరబీ తెలిసిన ఒక ఆలిమ్, ఇంగ్లీషు తెలిసిన ఒక యువకుడు కలిసి కూర్చొని, పరదేశం వెళ్లేవారి పత్రాలను కుడివైపు, ఎడమవైపు సరిపోల్చి తెలుగులో చదివి వినిపించాలి. మదరసా విద్యార్థులు తెలుగును, ఇంగ్లీషును చిన్నచూపు చూడకుండా శ్రద్ధగా అభ్యసించాలి. ఆడపిల్లలకు ఈ విద్యలో సమాన అవకాశం ఇవ్వాలి. పనికి వెళ్లే తల్లి పక్కన కూర్చొని పత్రం చదివి చెప్పగలిగేది ఆమె కూతురే.

ఓ అల్లాహ్! నీ వాక్కును పఠించే నాలుకను ఇచ్చావు, గ్రహించే హృదయాన్ని కూడా ప్రసాదించు. మా విద్యను బలహీనులకు ఆసరాగా మార్చు. మా నోట, మా కలాన అబద్ధం దొర్లకుండా కాపాడు. పరదేశాలలో శ్రమిస్తున్న మా సోదర సోదరీమణుల మాన ప్రాణాలను, వారి చెమటకు దక్కవలసిన వేతనాన్ని రక్షించి, వారిని క్షేమంగా తమ బిడ్డల చెంతకు చేర్చు. మా ఎండిన నేలలపై నీ కారుణ్య వర్షం కురిపించు. ఆమీన్.