షుగరు తగ్గినా ప్రమాదమే



షుగరు పెరిగిందనే మాట మనం రోజూ వింటాం, తగ్గిందనే మాట తక్కువ. గుంట మగ్గంలో కూర్చున్న మనిషికి చేతులు వణికి, చెమటలు పోసి, కళ్ళు తిరిగితే "షుగరు ఎక్కువైంది, ఇంకో గోలీ వేసుకో" అంటారు. వద్దు! గ్లిమెపిరైడ్ గోలీనో ఇన్సులిన్ సూదో తీసుకొని, పని ధ్యాసలో అన్నం ముట్టకపోతే షుగరు పడిపోతుంది. మీటరులో 70 కన్నా కిందికి వస్తే తక్కువన్నట్టు. వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాలి. 15 నిమిషాలకు మళ్ళీ చూసుకోవాలి, తర్వాత అన్నం తినాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయొద్దు, దవాఖానకు తీసుకుపోవాలి.

మగ్గం కింద ఒక కర్ర తొక్కితే ఇంకోటి లేస్తుంది కదా, ఒంట్లోనూ అంతే. ఇన్సులిన్ షుగరును దించుతుంది. గ్లూకగాన్, అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు ఎత్తుతాయి. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు, తలలోని పిట్యూటరీ గ్రంథి దెబ్బతింటే కార్టిసాల్ తగ్గి, షుగరు రోగం లేనివాళ్ళకూ షుగరు పడిపోవచ్చు. అట్లా మాటిమాటికీ అయితే నీరసమని ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి. ఏండ్ల తరబడి షుగరున్న కొందరికైతే వణుకు, చెమట కూడా తెలియవు, ఒక్కసారే పడిపోతారు.

ఇక ఏకాదశి ఉపవాసం. మన ఆడవాళ్ళు మానరని మాకు తెలుసు. ఆ రోజు గోలీ ఎంత వేసుకోవాలో ముందు రోజే డాక్టరును అడగండి.