కుంగిన కమాన్లు, అలిసిన షాకులు: జిప్సీ సస్పెన్షన్ మార్చే పద్ధతి

బండి బరువును మోసేది కమాన్ కట్ట. బండి ఊగిసలాటను ఆపేది షాక్ అబ్జార్బర్. కొండదారుల్లో, అడవి బాటల్లో తిరిగే వాహనం సస్పెన్షన్ గురించి తీసుకునే ప్రతి నిర్ణయమూ ఈ రెండు పనుల తేడా దగ్గరే మొదలవుతుంది. వెనక భాగం కిందికి దిగిపోయిందని మామూలు షాకులు కొత్తవి వేయిస్తే ఎత్తు పెరగదు. గుంత దాటాక బండి మూడు నాలుగు సార్లు ఊగుతోందని కట్టలో ఇంకో పట్టీ చేర్పిస్తే ఊగడం ఆగదు. ఏ భాగం పని ఏ మేరకు చెడిందో కొలిచి తెలుసుకోవడం మొదటి మెట్టు. విప్పడం, బిగించడం ఆ తరువాతి మాట.

దీనికి మారుతీ జిప్సీ చక్కని ఉదాహరణ. సుజుకి ఎస్‌జె410 ఆధారంగా తయారై 1985 డిసెంబరులో మార్కెట్లోకి వచ్చిన ఈ బండికి 1996లో 1.3 లీటర్ల ఇంజన్ అమరింది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 2375 మిల్లీమీటర్లు. ముందూ వెనకా గట్టి యాక్సిళ్లు, నాలుగు మూలలా కమాన్ కట్టలు, ప్రతి చక్రానికీ ఒక హైడ్రాలిక్ షాక్. కట్టలు యాక్సిల్ గొట్టానికి కింద ఉంటాయి. పై నుంచి దిగిన యు బోల్టులు రెండింటినీ కలిపి పట్టి ఉంచుతాయి. తయారీ ఆగిపోయినా సైన్యంలో, అడవి సఫారీల్లో, ఆఫ్‌రోడ్ ఔత్సాహికుల చేతుల్లో జిప్సీలు ఇంకా తిరుగుతున్నాయి. నాలుగు మూలలా కమాన్లున్న పాత మహీంద్రా జీపులదీ ఇదే నిర్మాణం. బొర్రా గుహల ప్రాంతం నుంచి కటికి జలపాతం దారిలో పర్యాటకులను ఎక్కించుకుని రాళ్ల మీదుగా నడిచే జీపులకు కమాన్లంటే రోజువారీ చింత. అందువల్ల ఇక్కడ జిప్సీకి చెప్పిన సూత్రాలు చాలావరకు వాటికీ వర్తిస్తాయి.

కమాన్ కట్టలో అన్నిటికంటే పొడవైనది మెయిన్ పట్టీ. దాని రెండు చివరలనూ గుండ్రంగా చుట్టి కన్నులు చేస్తారు. ఒక కన్ను ఛాసీ మీద కదలని బ్రాకెట్‌లో కూర్చుంటుంది. రెండోది షాకిల్ అనే ఊగే లింకుకు వేలాడుతుంది. బరువు పడి పట్టీ చదునైనప్పుడు దాని కన్నుల మధ్య దూరం పెరుగుతుంది కనుక ఆ పెరుగుదలకు చోటిచ్చేది షాకిలే. మెయిన్ పట్టీ కింద క్రమంగా పొట్టివయ్యే పట్టీలను పేర్చి, మధ్యలో సెంటర్ బోల్టుతో బిగిస్తారు. ఆ బోల్టు తల యాక్సిల్ పీట రంధ్రంలో కూర్చుని, యాక్సిల్ ముందుకూ వెనక్కూ జరగకుండా దాని స్థానాన్ని నిలుపుతుంది. కట్ట పట్టు మొత్తం యు బోల్టుల బిగువు మీద ఆధారపడుతుంది. అవి వదులైతే అదురంతా సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర చేరి పట్టీ సరిగ్గా అక్కడే విరుగుతుంది.

కమాను కుంగడమంటే అది మెత్తబడటమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఉక్కు స్థితిస్థాపకత ఏళ్లు గడిచినా దాదాపు మారదు. పోయేది వంపు. పరిమితికి మించిన బరువు, వేలసార్లు పడిన దెబ్బలు కలిసి పట్టీని కొద్దికొద్దిగా శాశ్వతంగా చదును చేస్తాయి. దాంతో బండి కిందికి దిగి, యాక్సిల్‌కూ బంప్ స్టాప్ రబ్బరుకూ మధ్య ఖాళీ తగ్గుతుంది. ఆ ఖాళీ మొదట 75 మిల్లీమీటర్లు ఉండి 50కి పడిపోయిందనుకుంటే, తగ్గింది మూడో వంతే అనిపిస్తుంది. కాని స్ప్రింగు మింగగలిగే శక్తి అది నొక్కుకునే దూరపు వర్గాన్ని అనుసరిస్తుంది. కాబట్టి రబ్బరుకు తగిలే లోపు కమాను తట్టుకోగల దెబ్బ సగం కంటే తక్కువకు, సుమారు 44 శాతానికి పడిపోతుంది. కుంగిన బండి గుంతల్లో దబ్బున కొట్టుకోవడానికి కారణం ఇదే.

కుంగడానికి దారితీసే కారణాల్లో మొదటిది ఎప్పుడూ దిగని బరువు. ఇనుప బంపర్, వించ్, పైకప్పు క్యారియర్, అదనపు ఇంధన డబ్బాలు బండి మీద శాశ్వతంగా కూర్చుంటాయి. కంపెనీ కమాను వాటిని లెక్కలో పెట్టుకుని తయారైంది కాదు. రెండోది పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకోవడం. మూడోది బురద, తుప్పు: పట్టీల మధ్య చేరిన మట్టి ఉపరితలాన్ని అరగదీస్తే ఆ గీతల దగ్గర పగుళ్లు పుడతాయి. అరిగిన బుష్‌లు, వంగిన షాకిళ్లు కూడా బండి ఒక పక్కకు ఒరిగినట్టు చూపించగలవు. అందువల్ల కట్ట మీద నింద వేసే ముందు వాటినీ చూడాలి.

షాక్ అబ్జార్బర్ పని నూనెను సన్నని రంధ్రాల గుండా బలవంతంగా నెట్టడం. పిస్టన్ కదిలినప్పుడు నూనె ఎదురు నిలుస్తుంది. కదలికలోని శక్తి వేడిగా మారి గొట్టం నుంచి గాలిలోకి పోతుంది. సాధారణంగా చక్రం పైకి లేచేటప్పటి కంటే కిందికి దిగేటప్పుడు ఈ నిరోధం ఎక్కువగా ఉంటుంది. వరసగా గతుకులున్న దారిలో గంటసేపు నడిస్తే నూనె కాగి, నురగ పట్టి, పట్టు సడలుతుంది. దీన్ని తగ్గించడానికి జంట గొట్టాల షాకుల్లో తక్కువ పీడనంతో నైట్రోజన్ నింపుతారు. ఫ్రాన్సుకు చెందిన క్రిస్టియన్ బుర్సియే ద కార్బన్ అభివృద్ధి చేసిన ఒంటి గొట్టం షాకులో తేలే పిస్టన్ అధిక పీడన వాయువును నూనె నుంచి వేరు చేస్తుంది. నూనె గొట్టం నేరుగా గాలికి తగులుతుంది కాబట్టి అది త్వరగా చల్లారుతుంది. అయితే దాని గొట్టానికి రాయి తగిలి సొట్ట పడితే పిస్టన్ ఇరుక్కుంటుంది. రాళ్ల దారిలో ఈ బలహీనతను మరిచిపోకూడదు.

పరీక్ష సమతలమైన నేల మీద మొదలవుతుంది. నాలుగు టైర్లలో గాలి తయారీదారు చెప్పిన మేరకు ఉంచి, సామాను దించి, బండిని కాస్త ముందుకూ వెనక్కూ నడిపి నిలపాలి. చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డ్ అంచు వరకు నాలుగు మూలలా కొలిచి రాసుకోవాలి. ఇలా కొలిస్తే టైరు అరుగుదల లెక్కలోకి రాదు. తరువాత బంప్ స్టాప్ ఖాళీ, షాకిల్ వాలు, పట్టీల పగుళ్లు, బుష్‌ల స్థితి చూడాలి. కొన్ని బళ్లలో కొత్త కమాను కూడా బరువు మీద దాదాపు చదునుగానే ఉంటుంది. కాబట్టి కంటిచూపుతో కుంగిందని తేల్చకుండా వర్క్‌షాప్ మాన్యువల్ కొలతతో పోల్చాలి. షాకు విషయంలో నూనె కారడం, రాడ్ మీద గీతలు, వంపు, సొట్ట, చీలిన రబ్బరు స్పష్టమైన లోపాలు. బంపర్ నొక్కి వదిలే పరీక్ష పూర్తిగా చచ్చిన షాకును మాత్రమే పట్టిస్తుంది. సగం అలిసిన దాన్ని పట్టాలంటే షాకును విప్పి, నిలువుగా పట్టుకుని చేత్తో లాగి నొక్కి చూడాలి. మధ్యలో పట్టు తప్పి ఖాళీగా జారితే దాని పని అయిపోయినట్టే.

కుంగిన కట్టను కొలిమి దగ్గర మళ్లీ వంపు తీయించడం మన ఆటోనగర్లలో చిరకాలంగా ఉన్న అలవాటు. ఖర్చు తక్కువే గాని ఫలితం పట్టీ పదును మీద ఆధారపడి ఉంటుంది. స్ప్రింగు ఉక్కును ఫ్యాక్టరీలో ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచి, తరువాత తగిన వేడిలో టెంపర్ చేస్తారు. ఆపైన సన్నని ఉక్కు గుళ్లతో ఉపరితలాన్ని కొట్టి అలసటను తట్టుకునే గుణం పెంచుతారు. గ్యాస్ మంటతో ఒకచోట కాల్చి వంచితే అక్కడ పదును పోతుంది. చల్లగా సుత్తితో వంచితే వంపు వస్తుంది, కాని చాలాసార్లు త్వరలోనే తిరిగి దిగిపోతుంది. మొత్తం కట్టను కొలిమిలో పెట్టి పదును తిరిగి పట్టించే సౌకర్యం ఉన్నచోట మాత్రమే ఈ మార్గం నమ్మదగింది. పగిలిన పట్టీకి వెల్డింగ్ చేయడం మాత్రం ఎంతమాత్రం తగదు. కొండ మలుపులో మెయిన్ పట్టీ విరిగితే యాక్సిల్ పక్కకు తిరిగి బండి అదుపు తప్పుతుంది.

కొత్త కట్ట ఎంపికలో మందమే అన్నిటికంటే పదునైన లెక్క. పట్టీ గట్టిదనం దాని మందపు ఘనాన్ని అనుసరిస్తుంది: 6 మిల్లీమీటర్ల పట్టీ బదులు అదే పొడవు, వెడల్పు గల 7 మిల్లీమీటర్లది వేస్తే ఆ పట్టీ గట్టిదనం సుమారు 59 శాతం పెరుగుతుంది. ఎప్పుడో ఒకసారి మోసే బరువు కోసం లావు పట్టీలు వేస్తే మిగతా రోజుల్లో ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది, చక్రం నేల వదిలేస్తుంది, పట్టు పోతుంది. నిత్యం మోసే బరువును తూకం వేయించి దానికి తగిన కట్టను తీసుకోవడమే సరైన దారి. చివరలకు పోయే కొద్దీ పలుచనయ్యే పారబాలిక్ పట్టీల కట్టలో పట్టీల మధ్య రాపిడి తక్కువ, నడక మెత్తన. ఆ రాపిడి తగ్గినందువల్ల ఊగిసలాటను ఆపే భారం దాదాపు అంతా షాకుల మీదే పడుతుంది కనుక వాటికి మంచి షాకులు తప్పనిసరి. కట్టలను ఒక యాక్సిల్‌కు రెండూ కలిపి మార్చాలి. షాకులకూ అదే నియమం.

షాకు పొడవును కొనక ముందే తేల్చుకోవాలి. చక్రం పూర్తిగా పైకి లేచినప్పుడు బంప్ స్టాప్ ముందుగా తగలాలి, షాకు అడుగు అంటకూడదు. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బరువును కమాను, షాకిల్ ఆపాలి గాని షాకు రాడ్ కాదు. ఎత్తైన కట్టలు వేస్తే పాత షాకు పొట్టిదై లోపలి నుంచే తెగిపోతుంది. అందుకే కొత్త కట్టలు అమర్చాక రెండు చివరి స్థానాల్లోనూ కొలిచి షాకును ఎంచుకోవడం మేలు. ఎత్తు పెంచే ఆలోచన ఉంటే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను గుర్తుంచుకోవాలి. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చడం దాని కిందికి వస్తుంది.

పని ముందు రోజే నట్లన్నిటికీ తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలి. గట్టి నేల మీద చక్రాలకు అడ్డాలు పెట్టి, చక్రం నట్లు కాస్త వదులు చేసి, బండిని లేపి ఛాసీ కింద స్టాండ్లు నిలపాలి. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి ఏ కారణంతోనూ దూరకూడదు. యాక్సిల్ కింద వేరే జాకీ పెట్టి దాని బరువును పట్టుకోవాలి. అప్పుడు బ్రేక్ గొట్టాల మీద బరువు పడదు. షాకు కింది చివర విప్పి, యు బోల్టులు తీసి, కట్ట మీద భారం పూర్తిగా తగ్గాక షాకిల్ పిన్ను, కదలని కన్ను బోల్టు బయటికి లాగాలి. రెండు పక్కలూ ఒకేసారి విప్పకుండా ఒక పక్క పూర్తయ్యాక రెండో పక్కకు వెళితే యాక్సిల్ స్థానం చెదరదు.

కొత్త కట్టను కూర్చోబెట్టే ముందు బ్రాకెట్లు శుభ్రం చేసి, కొత్త బుష్‌లు వేయాలి. సెంటర్ బోల్టు రెండు కన్నులకు సరిగ్గా మధ్యలో లేకపోతే కట్టకు ముందు, వెనక అనే తేడా ఉంటుంది. తిరగేసి వేస్తే చక్రం గూటిలో ముందుకో వెనక్కో జరుగుతుంది. మొదట కదలని కన్ను, తరువాత షాకిల్ బోల్టులు చేతి బిగువుగా వేయాలి. సెంటర్ బోల్టు తల యాక్సిల్ రంధ్రంలో కూర్చుందో లేదో చూసి, కొత్త యు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. ఒకసారి సాగిన పాత యు బోల్టులను మళ్లీ వాడటం పొదుపు అనిపించుకోదు. జంట గొట్టాల కొత్త షాకును నిలువుగా పట్టి కొన్నిసార్లు పూర్తిగా లాగి నొక్కితే లోపలి గాలి పైకి పోతుంది. రాడ్‌ను ప్లయర్‌తో పట్టకూడదు, దాని మీద పడిన గీత సీలును కోసేస్తుంది.

చక్రాలు నేల మీద ఆని బండి తన బరువు మీద నిలిచాకే రబ్బరు బుష్‌ల బోల్టులను తుది బిగువు వేయాలి. వేలాడుతుండగానే బిగిస్తే రబ్బరు ఆ స్థితిలోనే పట్టుకుపోయి, బండి దిగినప్పుడల్లా మెలి తిరిగి త్వరగా చిరుగుతుంది. బిగువు కొలతలన్నీ మాన్యువల్ నుంచి తీసుకుని టార్క్ రెంచ్‌తో వేయాలి.

ఎత్తు మారితే దానితో ముడిపడినవన్నీ మారతాయి. ముందు యాక్సిల్ వాలు మారి క్యాస్టర్ కోణం తగ్గితే స్టీరింగ్ తనంతట తాను నడిమికి తిరిగి రాదు. స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే డ్రాగ్ లింక్ కోణం పెరిగితే గుంతల్లో చక్రం తనంతట పక్కకు లాగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ జారే జాయింటులో పట్టు సరిపోతోందో లేదో, బ్రేక్ గొట్టాలు పూర్తి వేలాటలో బిగుసుకుంటున్నాయో లేదో చూడాలి. వెనక బరువును బట్టి బ్రేక్ పీడనం సర్దే వాల్వు ఉన్న బండికి దాని లింకును సరిచేయాలి. హెడ్‌లైట్ల దిశ కూడా సవరించాలి.

మొదటి నడక నెమ్మదిగా, ఖాళీ దారిలో జరగాలి. కొత్త కట్ట మొదట్లో కొద్దిగా దిగి స్థిరపడుతుంది, పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకుని యు బోల్టులు సడలుతాయి. కొన్ని వందల కిలోమీటర్ల తరువాత వాటిని తిరిగి బిగించి, నాలుగు మూలల ఎత్తు మళ్లీ కొలిచి మొదటి లెక్క పక్కనే రాసి ఉంచాలి. ఆపైన ప్రతి సర్వీసులోనూ, ప్రతి కఠినమైన ప్రయాణం తరువాతా మట్టి కడిగి, పట్టీలు, బోల్టులు, షాకులు చూసి, అదే చోట ఎత్తు కొలిస్తే కుంగడం మొదలైన తొలి దశలోనే తెలిసిపోతుంది.