మూత తెరవకముందు

ఈ దినము ఒక చిన్న పుస్తకాన్ని గురించి మీతో మాట్లాడాలని ఆశపడుతున్నాను. పెద్ద గ్రంథమేమీ కాదు, పసిపిల్లల బొమ్మల పుస్తకం. అందులో పేజీ పేజీకీ ఒక కాగితపు మూత అతికించి ఉంటుంది. బొమ్మ తలుపును వేలితో ఎత్తితే, దాని వెనుక దాగిన జంతువు కనబడుతుంది.

ఇటువంటి పుస్తకాలలో ఎంతో పేరుపొందినది 'వేర్స్ స్పాట్?'. ఎరిక్ హిల్ అనే ఆంగ్ల చిత్రకారుడు రాసి, బొమ్మలు వేసిన ఈ పుస్తకం 1980లో వెలువడింది. ఆయన వ్యాపార ప్రకటనలకు బొమ్మలు గీసేవాడు. మడత ఉన్న ఒక ప్రకటన కాగితాన్ని తన చిన్న కుమారుడు ఎత్తి చూస్తూ మురిసిపోవడం గమనించాడు. ఆ ముచ్చటలోనుంచే ఈ కథ పుట్టింది. సాలీ అనే తల్లి కుక్క తన పిల్లను ఇల్లంతా వెదుకుతుంది. తలుపు వెనుక ఎలుగుబంటి, గడియారంలో పాము, మంచం కింద మొసలి! చివరికి కుక్కపిల్ల బుట్టలో దొరుకుతుంది. మన తల్లులు చీర చెంగు అడ్డుపెట్టుకొని ఆడించే దోబూచులాటే ఇది. కనబడనంత మాత్రాన లేకుండా పోలేదని పసిబిడ్డ నేర్చుకునే ఆట.

మా చిన్నమ్మాయికి రెండేళ్లప్పుడు, విదేశంలో ఉన్న బంధువులు ఈ పుస్తకాన్ని తెచ్చి ఇచ్చారు. అప్పటికి ఆ పిల్లకు మాటలు సరిగా రాలేదు. మాకు లోలోపల దిగులుగా ఉండేది. ఒక రాత్రి నేను కూడిక ముగించుకొని అలసిపోయి వచ్చాను. పిల్ల పుస్తకం తెచ్చి ఒడిలో కూర్చుంది. త్వరగా ముగించాలని ప్రశ్న నేనే అడిగి, మూత నేనే ఎత్తి, జవాబు కూడా నేనే చెప్పేస్తున్నాను. నాకంటే ముందు తానే తెరవాలని ఆ పిల్ల ఒక్కసారి లాగింది. మంచం మీది దుప్పటి మూత చినిగి చేతిలోకి వచ్చింది. "ఎంత ఖరీదైన పుస్తకమో తెలుసా?" అని కేక వేశాను. పుస్తకం బీరువా పైకి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు దానిని దించి చూపిస్తే, పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. మా అమ్మ అది చూసి, "చినిగింది కాగితమేరా, అతుకు వేస్తే సరిపోతుంది. పిల్ల చేతులు వెనక్కి తీసుకుంది, అది చూశావా?" అంది. నాకు నోట మాట రాలేదు.

అమ్మ ఒక పాత శుభలేఖ నుండి ముక్క కత్తిరించి, మైదా ఉడికించి అతికించింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. మనవరాలిని ఒడిలో కూర్చోబెట్టుకొని, "మంచం కింద ఎవరున్నారే తల్లీ?" అని అడిగి ఊరుకుంది. జవాబు చెప్పాలని నా నోరు తహతహలాడింది. అమ్మ చేయెత్తి వారించింది. చాలాసేపటికి పిల్ల చేయి మెల్లగా ముందుకు వచ్చింది. మూత మీద వేలు పెట్టి, "మొచలి" అంది. ఆ తరువాతే తెరిచింది.

ఒక్క పుస్తకంతో మాటలన్నీ వచ్చేశాయని నేను చెప్పను. మాటలు ఆలస్యమైతే వైద్యులకు చూపించాలి, మేమూ చూపించాము. అయితే ఆ రాత్రి నేను ఒకటి నేర్చుకున్నాను. మేలు మూతలో లేదు, మూత తెరవకముందు మనం ఓపికతో ఆగిన ఆ క్షణంలో ఉంది.

పరిశోధకులు చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంది. 1988లో అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. కథ చదివేటప్పుడు ప్రశ్నలు అడిగి, బిడ్డ చెప్పిన మాటను పెంచి చెప్పమని కొందరు తల్లిదండ్రులకు నేర్పించారు. ఒక్క నెలలోనే ఆ పిల్లలు, మామూలుగా చదివి వినిపించిన పిల్లలకంటే మాటలలో ముందున్నారు. 2010లో వెలువడిన మరొక పరిశోధనలో, పైకి లేచే బొమ్మలున్న పుస్తకం కంటే సాదా బొమ్మల పుస్తకం నుండే పసిపిల్లలు కొత్త పేర్లు బాగా నేర్చుకున్నారు. చేతికి పని ఎక్కువైతే మనసు మాట మీదనుండి తప్పిపోవచ్చు గదా! అందుకే పక్కన పెద్దవారు ఉండాలి.

గనుక మూడు సంగతులు జ్ఞాపకం ఉంచుకుందాం. మొదటిది, అడిగి ఆగండి. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. రెండవది, పుస్తకం ఇంగ్లీషుదైనా ఇంటి భాషలోనే అడగండి. బిడ్డ "మొచలి" అంటే, "అవును, పచ్చని మొసలి, మంచం కింద దాక్కుంది" అని మాటను పెంచండి. మూడవది, చినిగితే కేక వేయకండి. మరల మరల తెరిచిన మూతే చినుగుతుంది. కొనలేనివారు పాత శుభలేఖలతో, గుడ్డముక్కలతో ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఆ పుస్తకం ఇంకా మా ఇంట్లోనే ఉంది. మొసలి మీద దుప్పటికి బదులు పసుపు అంచున్న శుభలేఖ ముక్క ఉంది. దానిని చూసినప్పుడెల్లా నా కేక నాకు జ్ఞాపకం వస్తుంది. ప్రియ శ్రోతలారా, ఈ రాత్రి మీ బిడ్డ పుస్తకం పట్టుకొని మీ దగ్గరకు వస్తే, మీరు ఎంత అలసిపోయి ఉన్నా, ఒక్క మూత దగ్గరైనా ఆగండి. బిడ్డ మాట కోసం కనిపెట్టండి.

మరల వచ్చే వారం కలుసుకుందాం. అంతవరకు సెలవు.