మోటుపల్లి అభయశాసనము



మన ఓరుగంటికి సముద్రము దూరము. అయినను కాకతీయ ప్రభువు గణపతిదేవుడు బాపట్ల ప్రాంతమందలి మోటుపల్లి రేవుద్వారా పరదేశములతో మైత్రి నెరపెను.

పూర్వరాజులు తుపానుచే తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలాత్కారముగ అపహరించుచుండిరి. ప్రాణము దక్కిన వర్తకునకు ధనము దక్కెడిది కాదు. గణపతిదేవుడు వర్తకులకు ప్రాణముకంటె ధనమే ప్రియమని గ్రహించి, దయతో 1244-45లో శిలాశాసనము వేయించెను. ముప్పదింట నొకవంతు సుంకము తప్ప అన్యమేమియు గైకొనమని ద్వీపాంతర వర్తకులకు అభయ మొసగెను.

అనంతరకాలమున వెనిసు యాత్రికుడు మార్కోపోలో ఈ రాజ్యమును మోటుపల్లి పేరిటనే వర్ణించి, దాని నేలు రాణి న్యాయబుద్ధిని కొనియాడెను. ఆమె రుద్రమదేవియే యని చరిత్రకారు లందురు.

మిత్రులారా! రాజ్యముల మైత్రికి నమ్మకమే పునాది. మోటుపల్లి వీరభద్రాలయమందలి ఆ శాసనమే అందులకు సాక్షి. అట్టి వ్రాతలను అందఱచే చదివించుట మన గ్రంథాలయమునకు ధర్మము.